బాగున్న టైరే బయటికి పోవాలి

ప్రశ్న: నమస్కారమండీ. మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. నేను టీచర్ని. కిందటేడు జయపురంలో ఒకరి దగ్గర 2018 మోడల్ డిజైర్ కొన్నాం. అమ్మ విజయనగరంలో ఒక్కతే ఉంటోంది. అందుకని పదిహేను రోజులకోసారి సుంకి ఘాట్ దిగి వెళ్ళొస్తుంటాను. కారు నేనే నడుపుతాను. ఈమధ్య ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెడితే బండి ఎడమకి లాగుతోంది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, అదే వరస. మూడోసారి వెళ్తే అక్కడి కుర్రాడు ముందు ఎడమ టైరు చూపించి, "ఇదొక్కటీ వేరే రకం మేడమ్, నాలుగూ మార్చెయ్యండి" అన్నాడు. అన్నీ కలిపి 18,500 చెప్పాడు. మా బావగారు చూసి, "నాలుగింట్లోకీ గ్రిప్పు బాగున్నది ఆ టైరుకే, దాన్ని తీయడమేంటి" అన్నారు. మావారేమో, "స్టెప్నీ ఒక్కసారి కూడా నేల మీద పెట్టలేదు, కొత్తదే, అది బిగిస్తే పైసా ఖర్చు ఉండదు" అంటున్నారు. నాకైతే ఆ ఒక్కటీ కొత్తది కొంటే సరిపోతుందనిపిస్తోంది. టైర్ల మీద ఉన్నవన్నీ రాసుకున్నాను. ముందు ఎడమది 175/65 ఆర్ 14, 82 టి, చివర 1119 అని ఉంది. మిగతా మూడూ 165/80 ఆర్ 14, 85 టి, చివర 3222. స్టెప్నీ కూడా 165/80 సైజే, చివర 1418. గాడి లోతు కుర్రాడే కొలిచి చెప్పాడు. ముందు ఎడమ ఆరున్నర మిల్లీమీటర్లు, ముందు కుడి నాలుగు, వెనక రెండూ ఐదేసి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సెమిలిగుడ

సమాధానం: అమ్మా, టైర్ల గురించి అడిగేవాళ్ళు చాలామంది "మార్చాలా వద్దా" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీరు ఐదు టైర్ల దగ్గరా వంగి అంకెలన్నీ చదివి రాశారు. నేను రాయగడలో పాతికేళ్ళు టైర్ల పని చేసినవాణ్ణి. ఇంత వివరంగా చెప్పిన మనిషిని ఎప్పుడో గానీ చూడలేదు. మీకు కావలసిన జవాబు ఆ అంకెల్లోనే ఉంది.

ముందు ఏం చెయ్యాలో చెప్పేస్తాను. నాలుగూ మార్చక్కర్లేదు. ఒక్కటి మారిస్తే చాలదు. రెండు కొనండి. ఆ రెండూ వెనక వేయించండి. ఇప్పుడు వెనకున్న రెండూ ముందుకి రావాలి. ముందు కుడివైపుది స్టెప్నీగా డిక్కీలోకి పోవాలి. బావగారు మెచ్చుకున్న టైరు, మీవారు కొత్తదంటున్న స్టెప్నీ, ఈ రెండూ కారు దిగిపోవాలి. ఈ పని అయ్యేదాకా ఘాట్ దిగకండి. అమ్మగారిని చూడకుండా ఉండలేకపోతే ఈ ఒక్కసారికీ బస్సెక్కండి.

ఇక ఎందుకన్నది. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురూ, షాపు కుర్రాడూ చూడనిది ఒకటుంది. ఆ టైరు రకం వేరే అన్న మాట అందరికీ కనిపించింది. సైజే వేరన్న సంగతి ఎవరి కంటా పడలేదు.

టైరు మీది మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తరవాతది పక్కగోడ ఎత్తు, అయితే అది మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము 14 అంగుళాలు. 165/80 టైరుకి పక్కగోడ 165లో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. పైన 132, కింద 132, మధ్యలో రిమ్ము 355.6. అన్నీ కలిపితే చక్రం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు. ఇదే లెక్క 175/65కి వేయండి. పక్కగోడ 114కి కాస్త తక్కువ, మొత్తం ఎత్తు 583. రెంటికీ తేడా 37 మిల్లీమీటర్లు, మూడున్నర సెంటీమీటర్ల పైమాటే. 165 కంటే 175 పెద్ద అంకె కాబట్టి ఇది ఇంకాస్త పెద్ద టైరేనని అనుకుంటారు. వెడల్పులో పెద్దదే, ఎత్తులో మాత్రం బాగా పొట్టి. రిమ్ము రెంటికీ 14 అంగుళాలే కావడంతో చక్కగా ఎక్కుతుంది, గాలి నిలుస్తుంది, బిగించినవాడికి ఏ అడ్డూ తగలదు. మీకు అమ్మినాయన ఎక్కడో దారిలో టైరు పోతే దొరికింది వేయించుకుని ఉంటాడు. మన వైపు చిన్న ఊళ్ళలో సరైన సైజు ఆ పూటకి దొరక్కపోవడం మామూలే. ఆ పూట గడవడానికి వేసింది ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

తేడా ఏం చేస్తుందో చూడండి. కొత్తగా ఉన్నప్పటి కొలతతో చూస్తే 165/80 చక్రం కిలోమీటరుకి సుమారు 514 చుట్లు తిరుగుతుంది. 175/65 చక్రం 546 చుట్లు తిరగాలి. వంద కిలోమీటర్ల ప్రయాణంలో ఎడమ ముందు చక్రం కుడిదానికంటే దాదాపు 3,200 చుట్లు ఎక్కువ తిరుగుతోంది, రోడ్డు తిన్నగా ఉన్నా సరే. మీ కారుకి ఇంజను బలం అందేది ముందు చక్రాలకే. ఆ రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అని పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి కదా, ఆ తేడాని సర్దడం దాని పని. మలుపు దాటగానే దానికి విశ్రాంతి దొరకాలి. మీ కారులో రామభద్రపురం నుంచి విజయనగరం దాకా తిన్నని రోడ్డు మీద కూడా దానికి క్షణం తీరిక లేదు. ఎప్పటికప్పుడు ఏమీ తెలియదు. అరుగుదల మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది.

బ్రేకు సంగతి ఇంకా ముఖ్యం. మీరు పెడల్ నొక్కితే రెండు ముందు చక్రాలకీ ఒకే ఒత్తిడి అందుతుంది. చక్రం పొట్టిదైతే అదే ఒత్తిడి నేల మీద కాస్త ఎక్కువ బలంగా పనిచేస్తుంది. అదీకాక ఎడమ ముందు మూల, అరుగుదల పోను, దాదాపు 16 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. ఒకెద్దు పొట్టి, ఒకెద్దు పొడుగు అయినప్పుడు కాడి ఎటు వాలుతుందో మనకి తెలుసు. మీ బండి ఎడమకి లాగడానికి ఇదొక బలమైన కారణం. అలైన్‌మెంట్ రెండుసార్లు చేసినా తగ్గకపోవడంలో వింత లేదు. ఆ యంత్రం చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో చూస్తుంది, అవి ఎంత ఎత్తున్నాయో చూడదు. మొదటిసారే కుర్రాడు టైర్ల మీది సైజు చదివి ఉంటే మీకు రెండు అలైన్‌మెంట్ల డబ్బు మిగిలేది. ఏ షాపుకి వెళ్ళినా పని మొదలుపెట్టేముందు నాలుగు టైర్ల సైజూ గట్టిగా చదివించుకోండి.

ఇది మెల్లగా, పొడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పటి సంగతి. వానలో గట్టిగా నొక్కాల్సి వచ్చిందనుకోండి, కథ తిరగబడొచ్చు. ఆ ఎడమ టైరు రబ్బరు పాతది, గట్టిపడిపోయి ఉంటుంది. తడి రోడ్డు మీద ముందు జారేది అదే. అప్పుడు కుడి చక్రం పట్టుకుంటుంది, ఎడమది పట్టుకోదు, బండి కుడికి తిరుగుతుంది. రోజూ ఎడమకి లాగే బండి కాబట్టి మీ చేతులు స్టీరింగ్‌ని కొద్దిగా కుడికి పట్టుకోవడానికి అలవాటుపడి ఉంటాయి. ఘాట్‌లో ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు భయం వేస్తోంది. బస్సెక్కమన్నది అందుకే. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మీ కారులో ఉంది కదా అనుకోకండి. ఏ చక్రం జారుతోందో అది చక్రాల వేగాలు పోల్చి చూసి కనిపెడుతుంది. ఒక చక్రం ఎప్పుడూ ఆరు శాతం ఎక్కువ వేగంగా తిరుగుతుంటే దాని లెక్క కూడా తప్పే ప్రమాదం ఉంది. మీటరులో లైటు వెలగలేదంటే అంతా సవ్యంగా ఉందని కాదు.

సైజు పక్కనున్న 82, 85 అంకెల మాట కూడా చెప్పాలి. 82 అంటే ఆ ఒక్క టైరు సరైన గాలితో 475 కిలోల దాకా మోయగలదని. 85 అంటే 515 కిలోలు. విజయనగరం నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చిన బియ్యం, పచ్చళ్ళు, నలుగురు మనుషులతో ఘాట్ ఎక్కే బండికి ఒక మూల 40 కిలోల శక్తి తక్కువ ఉండడం చిన్న విషయం కాదు. టి అన్నది వేగం తాలూకు అక్షరం, గంటకి 190 కిలోమీటర్లు. అది నేల మీదున్న నాలుగింటికీ ఒకటే కాబట్టి దాన్ని వదిలేద్దాం.

బావగారు చూసింది గాడి లోతు. ఆరున్నర మిల్లీమీటర్లు నిజంగానే ఎక్కువ. కొత్త కారు టైరుకి మామూలుగా ఏడెనిమిది ఉంటుంది. అయితే 1119 అంటే 2019లో పదకొండో వారంలో తయారైందని. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర ఉండే నాలుగంకెలు ఎప్పుడూ ఇదే చెప్తాయి, మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. రబ్బరు వాడకం వల్లే కాదు, వయసు వల్ల కూడా చెడుతుంది. ఎండ, వేడి, గాలి తగిలి గట్టిపడుతుంది, సన్నటి బీటలు వస్తాయి. గాడి లోతు బాగున్నా నేలని పట్టుకునే గుణం పోతుంది. ఇలాంటి టైరు మేడిపండు లాంటిది. చాలా టైరు కంపెనీలు ఐదేళ్ళు దాటాక ఏటా ఒకసారి చూపించుకోమంటాయి, పదేళ్ళు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా తీసెయ్యమంటాయి. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్ళకే మార్చమంటాయి. ఘాట్ రోడ్డు మీద నేను ఆరేళ్ళ మాటే వింటాను.

మీవారి స్టెప్నీకీ ఇదే సమాధానం. 1418 అంటే 2018 ఏప్రిల్ మొదట్లో తయారైంది. సైజు సరైనదే, నేల మీద పెట్టనిదే, కానీ ఏడేళ్ళు దాటిన రబ్బరు. డిక్కీలో పడుకున్నంత మాత్రాన వయసు ఆగదు. ఇంకో సంగతి, దాని గాడి నిండుగా ఉంటుంది, పక్కన కుడి టైరుది నాలుగు. పొట్టి పొడుగుల తేడా తగ్గుతుందే గానీ పోదు. పంచరైతే షాపు దాకా మెల్లగా తీసుకెళ్ళడానికి పనికొస్తుంది. ఘాట్‌కి పనికిరాదు. స్టెప్నీ ఖర్చులేని దారి అనుకోవడంలో మీవారి తప్పేం లేదు. మన ఇళ్ళలో అందరూ అలాగే అనుకుంటారు, నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగంమంది అదే మాట అనేవారు.

ఇక మీ ఆలోచన. ఒక్కటి కొంటే ఎందుకు చాలదు? 165/80లో కొత్తది ఒకటి కొని ముందు ఎడమ వేశారనుకోండి. సైజు సరిపోతుంది. కానీ దాని గాడి దాదాపు ఎనిమిది, కుడిదానిది నాలుగు. ఎత్తులో మళ్ళీ ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. ఇప్పుడున్నంత ఘోరం కాదు, కానీ తడి రోడ్డు మీద నీళ్ళు తోసేసే శక్తి ఒకవైపు నిండుగా, రెండోవైపు సగం ఉంటుంది. టైర్ల విషయంలో నేను పట్టుకునే మాట ఒకటే. ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కవలల్లా ఉండాలి. సైజు, కంపెనీ, గాడుల డిజైను, వయసు, అరుగుదల, అన్నీ. ముందు జతకీ వెనక జతకీ తేడా ఉంటే కారు సర్దుకుంటుంది. ఒకే జతలో తేడా ఉంటే సర్దుకోలేదు.

ఈ మాట నమ్మకం కలగకపోతే సాలూరులో ఏ లారీ డ్రైవరునైనా అడగండి. ఊరి నిండా లారీలే కదా. లారీ వెనక జంట టైర్లలో ఒకటి కొత్తది, పక్కది అరిగినది వేస్తే పొడుగుదాని మీదే బరువంతా పడి, అది వేడెక్కి పేలుతుందని ఆయన కళ్ళు మూసుకుని చెప్తాడు. లారీవాళ్ళు ఈ జతల లెక్క ప్రాణంగా చూసుకుంటారు. కార్లవాళ్ళమే పట్టించుకోం.

అయితే ఎప్పుడూ రెండేనా అంటే, కాదు. టైర్లు కొన్న మూడు నాలుగు నెలల్లోనే ఒకదానికి పక్కగోడ చిరిగిందనుకోండి. మిగతా మూడూ ఇంకా కొత్తవే, అదే కంపెనీ అదే డిజైను దొరుకుతోంది, గాడి తేడా రెండు మిల్లీమీటర్ల లోపే. అప్పుడు ఒక్కటి కొంటే చాలు, రెండో టైరు కొనిపించడం అన్యాయం. మరోవైపు, నాలుగూ మూడు మిల్లీమీటర్లకి దిగిపోయినా, నాలుగూ వయసు మళ్ళినవైనా నాలుగూ మార్చుకోవడమే మంచిది. అన్ని చక్రాలకీ ఎప్పుడూ బలం అందే బండి ఉన్నవాళ్ళ సంగతి వేరు. అందులో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య కూడా తేడా ఉండకూడదు, బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంతవరకు ఒప్పుకుంటారో రాసి ఉంటుంది. ఒక టైరు పోయినా నాలుగూ కొనాల్సి రావచ్చు. మీది అలాంటిది కాదు.

కుర్రాడు నాలుగూ అన్నాడంటే మిమ్మల్ని మోసం చేయాలనే అన్నాడని నేననుకోను. నాలుగు మారిస్తే పొరపాటు జరిగే వీలుండదు, బండి మళ్ళీ వెనక్కి రాదు. కానీ మీ దగ్గర 2022 ఆగస్టులో తయారైన టైర్లు మూడున్నాయి, ఐదేసి మిల్లీమీటర్లున్న జత ఒకటి ఉంది. చట్టం ప్రకారం కారు టైరుకి గాడి 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు అడ్డంగా ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే ఆ హద్దు వచ్చిందని గుర్తు. వానాకాలంలో ఘాట్ నడిపేవాళ్ళు ఆ హద్దు దాకా ఆగకూడదు, మూడు దగ్గరే మార్చెయ్యాలి, ఎందుకంటే అక్కణ్ణుంచి తడి రోడ్డు మీద ఆగే దూరం బాగా పెరుగుతుంది. మీ ఐదుకి ఇంకా ఆయుష్షు ఉంది. పారేయడానికి మనసొప్పదు.

కొత్త రెండూ వెనక వేయమన్నాను. షాపులో మీకు దీని మీదే వాదన ఎదురవుతుంది. "ముందు చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలే తిరుగుతాయి, బ్రేకు బరువంతా ముందే పడుతుంది, కొత్తవి ముందు వేయాలి మేడమ్" అంటారు. నేను కూడా మొదట్లో అదే అనేవాణ్ణి. ముందు చక్రాలు తడిలో జారితే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. అది మీకు చేతుల్లోనే తెలుస్తుంది. కాలు తీస్తే వేగం తగ్గి మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే ముందుగా ఏమీ తెలియదు. తెలిసేసరికి బండి తోక తిప్పేసి ఉంటుంది. దాన్ని సర్దడం అనుభవం ఉన్న డ్రైవరుకి కూడా కష్టం.

నాకిది తెలిసిన రోజు ఎప్పటికీ మర్చిపోను. చాలా ఏళ్ళ కిందట, అప్పటికి నేనింకా పని నేర్చుకుంటున్నాను. వేరే ఊళ్ళో ఒక షాపులో మా కారుకి కొత్త టైర్లు రెండు ముందు వేయించి, అరిగినవి వెనక ఉంచి వచ్చాం. పార్వతీపురం నుంచి రాయగడ వస్తుంటే కూనేరు దాటాక మలుపులో వాన నీళ్ళు పారుతున్నాయి. ముందు చక్రాలు నీళ్ళని కోసుకుంటూ చక్కగా తిరిగాయి. వెనకవి తేలిపోయాయి. బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి ఆగింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం వల్లే ఈ రోజు మీకు ఉత్తరం రాస్తున్నాను. ఆ తరవాత నా చేతుల మీదుగా రెండు టైర్లు మారిన ప్రతి కారుకీ కొత్తవి వెనకే వేశాను. ఒప్పుకోని వాళ్ళని కూర్చోబెట్టి, టీ తాగించి చెప్పి మరీ వేశాను. మీ ఘాట్‌లో వర్షం, పొగమంచు ఎలా ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. షాపువాళ్ళు ఏం చెప్పినా ఈ ఒక్కదాంట్లో తగ్గకండి.

ముందువి తొందరగా అరుగుతాయి, అది నిజమే. ఇంకో ఏడాదికో ఏడాదిన్నరకో ముందు జత మూడుకి దిగుతుంది. అప్పుడు వెనక జత ముందుకి తెచ్చి, కొత్త జత కొని వెనక వేయించండి. ఇలా జత తరవాత జత నడిపితే 18,500 ఒకేసారి తీయాల్సిన పని పడదు.

కొనేటప్పుడు 165/80 ఆర్ 14, 85 టి అని చీటీ మీద రాసి ఇవ్వండి. డ్రైవర్ వైపు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉన్న సైజుతో ముందు సరిచూసుకోండి. మీ రకం కారుకి పై మోడల్‌లో 185/65 ఆర్ 15 వస్తుంది, ఎవరైనా అది చూసి గందరగోళపడితే మీ దగ్గర చీటీ ఉంటుంది. ఈ సైజు టైరు కంపెనీని బట్టి ఒక్కోటి నాలుగు వేలకి అటూ ఇటూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఏ శాతం వేశారో చూసుకోండి. రెండింటి మీదా తయారీ అంకెలు మీరే చదవండి. రెండూ దగ్గరి వారాలవై ఉండాలి, ఆరు నెలలకి మించి పాతవి కాకపోతే మరీ మంచిది. కంపెనీ మీ పాతవాటిదే కానక్కర్లేదు, రెండు కొత్తవీ ఒకటే అయితే చాలు. "ఒకటే ఉంది, రెండోది ఇంకో డిజైన్లో ఇస్తా" అంటే ఆ షాపు నుంచి వచ్చెయ్యండి. కోరాపుట్‌లో దొరక్కపోతే జయపురం నుంచి రెండ్రోజుల్లో తెప్పిస్తారు.

సెకండ్ హ్యాండ్ టైర్లు సగం ధరకి చూపిస్తారు. తీసుకోకండి. గుండు అయిపోయిన టైరుకి కత్తితో గాడులు కోసి, నల్లగా పాలిష్ కొట్టి పెట్టినవి నేను చాలా చూశాను.

బిగించాక బ్యాలెన్సింగ్, ఆ తరవాత అలైన్‌మెంట్ చేయించండి. ఈసారి చేసిందే అసలైన అలైన్‌మెంట్. ఇంటికొచ్చాక ఓ యాభై వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మరోసారి బిగింపు చూపించుకోండి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు, స్టిక్కరు మీద రాసినంత పెట్టించండి. మీ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం పొద్దున్న గడ్డకట్టే చలి. విజయనగరం చేరేసరికి ఎండ, పైగా ఘాట్‌లో తిరిగిన వేడి. అక్కడ మీటరు పెట్టి చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి పెట్రోలు బంకులో గాలి తీయించేస్తారు చాలామంది. తీయకండి. మర్నాడు చలికి అది తక్కువైపోతుంది.

కారు దిగిపోయే ఆ పాత టైర్లు రెంటి గురించి ఒక మాట. షాపువాళ్ళు మూడొందలో నాలుగొందలో ఇస్తాం, వదిలెయ్యండి అంటారు. డబ్బు తీసుకోండి, కానీ పక్కగోడ మీద కత్తితో పెద్ద గాటు పెట్టించి మరీ ఇవ్వండి. లేకపోతే గాడి లోతు చూసి ఎవరో ఒకరు మళ్ళీ వాటిని ఏ కారుకో ఎక్కిస్తారు. మీ కారుకి ఆ ఎడమ టైరు అలాగే వచ్చి ఉంటుంది. లేదంటే ఇంటికి తెచ్చుకుని బడిలో పిల్లలకి ఊయల కట్టించండి, దానికి ఏడేళ్ళ రబ్బరు బాగానే పనికొస్తుంది.

ఇదంతా చేశాక, ఘాట్ దిగకముందే సెమిలిగుడ దగ్గర ఖాళీ తిన్న రోడ్డు మీద మెల్లగా రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూడండి. లాగుడు పోయి ఉంటే మీ పని అయినట్టే. ఇంకా ఎడమకే లాగుతోందనుకోండి, ముందు రెండు చక్రాల్నీ అటుదిటు ఇటుదటు మార్పించి మళ్ళీ చూడండి. టైర్ల మీద బాణం గుర్తు ఉంటే మాత్రం అలా మార్చకూడదు. మార్చాక లాగుడు కుడికి తిరిగితే తప్పు టైరుది. ఎటూ మారకుండా ఎడమకే ఉంటే కుడివైపు బ్రేకు క్యాలిపర్, అంటే చక్రం దగ్గర డిస్కుని నొక్కి పట్టే భాగం, సరిగ్గా పట్టడం లేదేమో, లేదా ఎడమది పట్టుకుని వదలడం లేదేమో విప్పించి చూపించాలి. ఎడమ రిమ్ము దగ్గర చెయ్యి పెడితే కుడిదానికంటే బాగా వేడిగా ఉందా, ఆ సంగతి కూడా చూసి నాకు రాయండి.